కుడివైపు పాప

స్టూడియో మేడగది
సోమవారం, భోజనాల వేళ

అక్కా,

చేరాను. పని దొరికింది. ఇక్కడ ఫోర్‌మన్ లేడు కాబట్టి ఫోర్‌మన్‌తో గొడవ ఉండదు. అచ్చాపీసులో నేను అన్నది న్యాయమేనని ఇప్పటికీ అంటాను, కుర్చీ ఎత్తడం ఒక్కటే ఎక్కువైంది.

నాన్నకు తెలిసిన ఫోటోల పెద్దాయన ఉన్నాడే, ఆయన స్టూడియో మూసేస్తున్నాడు. నలభై ఏళ్ళ గాజు పలకలు పెట్టెల నిండా ఉన్నాయి. ఎవరో మొక్కలు పెంచేవాడు అద్దాల ఇల్లు కట్టుకుంటున్నాడట, ఆ గాజంతా అతనికి కావాలి. పలకను వేడి చాకలిసోడా నీళ్ళలో నానబెట్టి, బొమ్మ ఉన్న పూతను గీకి, తుడిచి నిలబెట్టడం నా పని. పొద్దున్నుంచి ముగ్గురు పెళ్ళికూతుళ్ళు, ఒక బ్యాండుమేళం, ఒక జడ్జి నా చేతిలో కరిగి తూములోకి పోయారు. జడ్జి మాత్రం తేలిగ్గా వదల్లేదు.

మూడో పెట్టెలో ఒక ముసలావిడ దొరికింది. కుర్చీలో కూర్చుని ఉంది. చుట్టూ కొడుకులు, కోడళ్ళు అందరూ కాస్త మసకగా పడ్డారు, ఆవిడ ఒక్కతే ముడతలతో సహా స్పష్టంగా ఉంది. ఎందుకలా అని అడిగాను. "బతికున్నవాళ్ళు ఊపిరి పీలుస్తారు కదా నాయనా" అన్నాడు పెద్దాయన, పక్కన చెంబు ఉందన్నంత మామూలుగా.

నాకు ఒళ్ళు మండింది. శవానికి తల దువ్వి కుర్చీలో కూర్చోబెట్టడమా? ఇది శోకం మీద వ్యాపారం కాదా? ఆ మాట ఆయన ముఖం మీదే అన్నాను. "నీళ్ళు చల్లారిపోతున్నాయి, చూసుకో" అన్నాడు.

నువ్వేమంటావో తెలుసు. మన గోడమీద ఉన్నదేమిటిరా అంటావు. దుప్పటి మీద పక్కపక్కన ఇద్దరు ఇరవై రోజుల పసికందులు. ఒకరు నువ్వు, నిద్రలో. ఇంకొకరు నీ కవల, పోయిన రోజున. నేను పుట్టకముందు గోడకెక్కినదానికి నా పూచీ లేదు. అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఒక్కటి మాత్రం అంతు చిక్కలేదు. కొన్ని పలకల అంచున సూదితో గీసిన చిన్న గీత ఉంది. అన్నిటికీ లేదు. ఎందుకో కనుక్కుంటాను.

ఆరు కరపత్రాలు జతచేశాను. ఒక్కటైనా అమ్మచేత చదివించు.

నీ తమ్ముడు

---

కుట్టు దుకాణం
గురువారం, తలుపులు తీయకముందు

అగ్గిపుల్లకు అక్క ఆశీస్సులు.

ఇక్కడ ఇద్దరం తిన్నాం, కుట్టాం, కత్తెర నువ్వు పారేశావంటే నువ్వు పారేశావని పోట్లాడుకున్నాం. కాబట్టి క్షేమమే.

నీ కరపత్రాలు అమ్మకు బాగా నచ్చాయి. వేళ్ళ మధ్య నలిపి చూసి, "కాగితం గట్టిది" అంది. గుడ్డమీద పెట్టి కత్తిరించే మచ్చుకాగితాలు అయిపోయి రెండు రోజులుగా ఇబ్బంది పడుతున్నాం. నీ విప్లవం ఇప్పుడు మూడు కాలర్లు, ఒక జేబు, రెండు చంకముక్కలు. కోప్పడకు. కత్తిరించేముందు నేను చదివాను. రెండోది బాగుంది, అయిదోదానిలో తిట్లు ఎక్కువ.

పలకలు కడుగుతున్నావని చదివి వినిపించగానే అమ్మ కత్తెర కింద పెట్టేసింది. "మనదీ ఆయనే తీశాడు. చూసి కడగమను" అంది. మన ఊరు మారకముందు సంగతి కదా, నాకు తట్టనే లేదు. గోడమీద బొమ్మ పసుపెక్కిపోయింది, అంచులు పొట్టు లేస్తున్నాయి. పలక ఉంటే కొత్తది వేయించుకోవచ్చని ఆమెకు ఆశ పుట్టింది. నిన్న మొన్న రెండుసార్లు అడిగింది, వాడి దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందా అని. నువ్వు ఇల్లు వదిలిన రోజు కూడా అన్నిసార్లు అడగలేదు.

ఇప్పటికే కడిగేశానని మాత్రం రాయకు.

అక్క

---

స్టూడియో మేడగది
ఆదివారం

అక్కా,

కడిగానో లేదో నాకే తెలియదు. నీ ఉత్తరం అందేసరికి తొమ్మిది పెట్టెలు అయిపోయాయి. ఏ ఏటివో చూడలేదు, చూడాలని అనుకోలేదు. రిజిస్టరు చెదలు తినేసింది. ఇంక ఒక్కొక్క పలకనూ కిటికీకి అడ్డంపెట్టి చూడటమే దారి. చూస్తున్నాను.

చూస్తుంటే అడగకుండా ఉండలేకపోతున్నాను. పెద్దాయన కూడా మొదట విసుక్కున్నా, ఇప్పుడు నేను అడగకపోతే ఆయనే దగ్గి మొదలుపెడుతున్నాడు.

పోయినవాళ్ళ ఇంటికి వెళ్ళేటప్పుడు ఆయన సంచిలో ఒక దువ్వెన, ఉతికిన దుప్పటి, చిన్న అద్దం ఉండేవట. అద్దం ఎందుకంటే, కిటికీ వెలుగును పట్టి ముఖం మీదికి తిప్పడానికి. ఇంట్లోవాళ్ళను మూడు ప్రశ్నలు అడిగేవాడట. పాపిట ఏ వైపు తీసేవారు? చేతులు ఎలా పెట్టుకునేవారు? కోపం వస్తే ఏం చేసేవారు?

"మూడోది ఎందుకు? ఫోటోలో కోపం పడదు కదా" అన్నాను.

"ఆ ప్రశ్నకు ఎవరో ఒకరు నవ్వుతారు. ఒకసారి నవ్వాక కాళ్ళమీద నిలబడగలుగుతారు. నిలబడకపోతే ఫోటో ఎలా తీస్తాను?" అన్నాడు.

కెమెరా మూత తీసేముందు "కదలకండి" అని అందరికీ చెప్పేవాడట, పోయినాయనకు కూడా, ఆయన వైపు తిరిగి. ఆయనకు చెప్పడమేమిటని నిలదీశాను. "మిగతావాళ్ళకు చెప్పి ఆయన్ని వదిలేస్తే బాగుంటుందా?" అన్నాడు. జవాబు కోసం నా పుస్తకాలన్నీ తిరగేశాను. లేదు.

ఇంకో సంగతి. ఇందులో చాలామందికి అదే మొదటి ఫోటో అట. బతికున్నప్పుడు కెమెరా ముందు నిలబడే తీరిక, స్తోమత ఎవరికుంది? నాకు కోపం అలాగే ఉంది అక్కా, కాకపోతే పెద్దాయన మీద నిలవడం లేదు. ఎవరిమీద నిలపాలో ఆలోచిస్తున్నాను.

సూదిగీత సంగతి తేలింది. కొన్ని ఫోటోల్లో పోయినవాళ్ళెవరో, నిద్రపోతున్నవాళ్ళెవరో పోల్చుకోలేం. అందుకని ఇంటికి రాగానే, మరిచిపోకముందే, పోయినవాళ్ళ కాళ్ళ కింద పలక అంచున గీత గీసేవాడట. కాగితం మీద అచ్చు వేశాక అంచు కత్తిరించేస్తారు, కాబట్టి ఇంటివాళ్ళకు కనపడదు. గీత చూసి ఫోటో వెనక రాసిచ్చేవాడు.

మనదానికీ గీత ఉండే ఉంటుంది. దొరికితే.

తమ్ముడు

---

కుట్టు దుకాణం
బుధవారం, అమ్మ దారాలకు వెళ్ళింది

తమ్ముడికి,

దొరికితే ముందు నాకు రాయి. అమ్మకు కాదు.

ఎందుకని అడుగుతావు, నువ్వు అడగనిది ఏముంది. నువ్వు పొద్దున్నే లేచేవాడివి కాదు కాబట్టి ఇది చూసి ఉండవు. దుకాణం గడియ తీసేముందు అమ్మ ఆ బొమ్మ దగ్గరికి వెళ్తుంది. బొటనవేలు కుడివైపు పాప ముఖం మీద పెట్టి, పెదవులు కదిలీ కదలకుండా ఏదో చెబుతుంది. తర్వాతే గడియ తీస్తుంది. జ్వరమొచ్చినా అంతే. బొమ్మకు అద్దం బిగిస్తానని నాన్న ఎన్నిసార్లు అన్నా ఒప్పుకోలేదు.

బొమ్మ వెనక పెద్దాయన రాత ఉంది కదా, "చూసేవారి కుడివైపు పాప, పోయినది" అని. ఎడమవైపు నేను. నామీద ఎప్పుడూ వేలు పెట్టలేదు. ఎదురుగా బతికే ఉన్నదాన్ని బొమ్మలో తడమడం ఎందుకు? అది నాకు తెలుసు. ఆరేళ్ళప్పుడు తెలియదు.

అమ్మకు ఆ పలక ఎంత కావాలో చెప్పడానికి ఇంత రాశాను. పనిలో పడు.

అక్క

---

స్టూడియో, కిందిగది
శుక్రవారం

అక్కా,

దొరికింది. నానబెట్టడానికి తొట్టి పక్కన నిలబెట్టిన వరసలో అయిదోది. నాలుగోదాన్ని చూస్తూ నీళ్ళు వేడెక్కాయా లేదా అని ఆలోచిస్తున్నాను. ఇంకొక్క నిమిషం ఆలస్యమై ఉంటే నా చేతులతో నేనే, ఆ సంగతి రాయను.

వెలుగుకు పట్టి చూశాను. పలకలో అన్నీ ఎదురు రంగులు కదా, నల్లటి ముఖాలు, తెల్లటి జుట్టు. ఇద్దరూ ఒక్క కుదుపు లేకుండా పడ్డారు, ఎందుకంటే నువ్వూ గాఢనిద్రలో ఉన్నావు. అంచున దుప్పటి లాగి పట్టుకున్న నాన్న చెయ్యి ఉంది. నాన్న పోయాక ఆయన చేతిని ఇంత దగ్గరగా చూడటం ఇదే.

పెద్దాయన పక్కనుండి చెబుతుంటే నేనే ఎండలో అచ్చు వేశాను. పలకకు ఒకవైపు నున్నగా, మెరుపుగా ఉంటుంది, రెండోవైపు పూత మసకగా ఉంటుంది. మసకవైపు కాగితానికి ఆనాలి. తిరగేసి పెడితే బొమ్మ పడుతుంది కానీ, కుడి ఎడమలు మారిపోతాయి.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. నేను వేసిన బొమ్మలో నాన్న చెయ్యి ఎడమ అంచున ఉంది. మన గోడమీద కుడి అంచున ఉన్నట్టు నాకు గుర్తు. నా గుర్తును నమ్మను. నాన్న ఎడమచేతి చూపుడువేలి కొసను రంపం తీసుకుపోయింది కదా. నేను వేసినదాంట్లో కొస లేనిది ఎడమచెయ్యే, ఉండవలసినట్టే ఉంది. మన గోడమీద ఏ చేతికి కొస లేదో చూడు. నీ చెయ్యి పక్కన పెట్టి చూసి రాయి.

సూదిగీత, సరిగ్గా వేసిన ఈ బొమ్మలో కుడివైపు పాప కాళ్ళ కింద ఉంది. వెనక రాసినదీ కుడివైపు అనే. సరిగ్గా వేసిన బొమ్మకు ఆ మాట నిజం. కానీ మనకు ఇచ్చిన బొమ్మ తిరగేసి వేసినదైతే, మన ఇంట్లో కుడివైపు ఉన్నది పోయిన పాప కాదు.

నువ్వు.

తమ్ముడు

---

కుట్టు దుకాణం
మంగళవారం

తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. అమ్మ ఇల్లు కదిలేదాకా ఆగాను.

ఎడమచెయ్యి పెట్టాను, సరిపోలేదు. కుడిచెయ్యి పెట్టాను, బొటనవేలితో సహా సరిపోయింది. ఇన్నేళ్ళూ నాన్నకు లేని గాయం గోడమీద ఉంది, మనం చూడలేదు. అందరం పిల్లల్నే చూశాం, చెయ్యిని ఎవరు చూస్తారు? అమ్మ అప్పుడు జ్వరంతో పడి ఉందట, ఎవరిని ఎటు పడుకోబెట్టారో ఆమెకు తెలియదు. వెనక ఏం రాసి ఉంటే అదే నమ్మింది, నాన్న కూడా అంతే కాబోలు.

నీకు చెప్పనిది ఒకటి ఉంది. నువ్వు పుట్టకముందుది. ఆరేళ్ళప్పుడు ఒక పొద్దున అమ్మ గడియ తీసి అటు వెళ్ళగానే, కుర్చీ వేసుకుని ఎక్కి, గుండుసూదితో కుడివైపు పాప బుగ్గ మీద గీశాను. గట్టిగానే గీశాను. కాగితం లేచింది. అమ్మ నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. గీత ఇప్పటికీ ఉంది, దాని పక్కనే బొటనవేలు పెడుతుంది.

అంటే నేను గీసింది నన్నే.

రెండు రోజులుగా నవ్వొస్తోంది, తర్వాత ఇంకేదో వస్తోంది. నాకు రావలసినది నాకే వచ్చిందని సంతోషించాలేమో. కానీ అమ్మ సంగతి ఆలోచించు. ఇరవై ఎనిమిదేళ్ళు పోయిన పిల్లతో మాట్లాడుతున్నాననుకుంది. దానికి ఒక్క మాటా చేరలేదని, దానిమీద ఒక్కసారీ వేలు పెట్టలేదని ఇప్పుడు చెప్పమంటావా? పిల్లను రెండోసారి పోగొట్టుకోమనడమే.

పలక దొరకలేదని రాయి. నేను తోముతుంటే పగిలిందని రాయి, తిట్టించుకో. తిట్లు నీకు కొత్త కాదు.

అక్క

---

స్టూడియో మేడగది
శనివారం

అక్కా,

నన్ను అబద్ధం రాయమంటున్నావు. అచ్చాపీసులో ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఉద్యోగం మిగిలేది, ఆడలేదు. సొంత అమ్మకు ఆడతానా? తప్పు ఎంత పాతదైనా తప్పే. అమ్మ ఏం భరించగలదో మనం తేల్చడం ఏ న్యాయం? దుకాణంలో పెద్ద పెద్ద బేరగాళ్ళను కూర్చోబెట్టి సమాధానం చెప్పే మనిషిని మనం పసిపిల్లను చేసి కూర్చోబెట్టడమా?

ఇలా నాలుగు పేజీలు రాసి చించేశాను. అది అయిదో కరపత్రంలాగే ఉంది, తిట్లు ఎక్కువ.

పెద్దాయనకు చెప్పాను. చాలాసేపు పలకను తిప్పి తిప్పి చూశాడు. "నా చెయ్యే. ఆ వారం ఊరంతా జ్వరాలు. ఎండ పోతోందని తొందరపడ్డాను" అన్నాడు. ఇంకెవరి మీదా నెట్టలేదు. పలకను కింద పెట్టి, "ఇంకా ఎన్ని ఇళ్ళలో ఇలా ఉందో" అన్నాడు. ఆయనకు ధైర్యం చెప్పబోయి, నాకు అలాంటి మాటలు రావని తెలుసుకున్నాను.

ఆ పూటే కడగడం మానేశాం. సూదిగీత ఉన్న పలకలన్నీ వేరుచేశాను, మొక్కలతనికి మిగతావి చాలు. నేను ఒక కరపత్రం రాశాను. జీవితంలో మొదటిది, ఇంతకుముందు పంపినవన్నీ వేరేవాళ్ళు రాసినవి. "మీవాళ్ళు ఇక్కడ ఉన్నారు. వచ్చి చూసుకోండి, తీసుకెళ్ళండి. పొరపాట్లు ఉంటే అడగండి, చెబుతాం." అంతే, ఒక్క తిట్టూ లేదు. మొదటిరోజు ఒక తాపీమేస్త్రీ వచ్చాడు, తన తండ్రి కోసం. పలకను కిటికీకి పట్టి, "అరే, పాపిట సరిగ్గానే తీశారే" అన్నాడు. పెద్దాయన ముఖం చూడవలసింది.

ఇంక మన సంగతి. నా అచ్చు నీకు పంపిస్తున్నాను, నువ్వు ఒక్కదానివే చూడు. చెప్పాలా వద్దా అన్నది నీది, నేను నోరెత్తను. నేను ఇలా రాయడం ఇదే మొదటిసారి, దాచిపెట్టుకో. అమ్మ కంట పడకూడదని దాన్ని ఉత్తరంలో పెట్టలేదు. కరపత్రాల కట్ట విడిగా వస్తోంది, దాని మధ్యలో పెట్టాను. వాటి జోలికి మన ఇంట్లో ఎవరూ పోరు కదా.

తమ్ముడు

---

కుట్టు దుకాణం
శుక్రవారం, తలుపులు తీశాక

తమ్ముడికి,

కరపత్రాల జోలికి ఎవరూ పోరా? నీ తల మెడమీద ఉందా, అచ్చాపీసులోనే వదిలేశావా? ఈ ఇంట్లో వాటి జోలికి పోయినంతగా ఇంక దేని జోలికీ పోరు.

కట్ట ముందు వచ్చింది, ఉత్తరం రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. నేను మిషను మీద ఉన్నాను. అమ్మ ఒక గౌనుకు మచ్చు తీద్దామని కట్ట విప్పి, నాలుగు కాగితాలు కలిపి కత్తెర పెట్టింది. కత్తెర ఆగిన చప్పుడు నాకు తెలుస్తుంది. తలెత్తి చూశాను. బొమ్మ ఆమె చేతిలో ఉంది. మూల కొంచెం తెగింది, అంతే.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. చాలాసేపు చూసింది. "మీ నాన్న ఎడమచెయ్యి" అంది. తర్వాత గోడమీది బొమ్మ తీసి దాని పక్కన పెట్టింది. నేను మిషను తొక్కుడు మీది కాలు తీసి లేచాను. ఏదో ఒకటి చెప్పాలని "అమ్మా, అది" అన్నాను.

"చెప్పకు, తెలిసింది. గుడ్డను మంచివైపు కిందకి పెట్టి కత్తిరిస్తే ఇంతే. నీకు గుర్తుందా, ఆ బడిపంతులు చొక్కాకు నేను రెండూ కుడిచేతులే కుట్టాను" అంది. మనం నెల రోజులు ఉత్తరాలు రాసుకుని తేల్చిన సంగతి.

తర్వాత గీత మీద వేలు పెట్టి, "నీ ముఖం నువ్వే గీసుకున్నావన్నమాట. సరిగ్గానే కొట్టాను" అంది.

అప్పుడు అడిగాను, రోజూ దానికి ఏం చెప్పేదానివని. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. అమ్మ చెప్పడానికి సిగ్గుపడింది, ఆమె సిగ్గుపడటం నేను చూడలేదు. "ఏముంటుంది? నీ సంగతులే. నీ తోడుది ఇవాళ గుండీ కాజా వంకర లేకుండా కుట్టింది. నీ తోడుదానికి జ్వరం తగ్గింది. నీ తోడుది నాకంటే బాగా కత్తిరిస్తోంది, దానికి చెప్పకు. ఇలాగే" అంది.

నా ముందు ఒక్కటీ అనలేదు. నా ముఖానికే చెప్పింది, రోజూ.

నేను భయపడిన మాట అప్పుడు వచ్చింది. "మరి దాన్ని ఇన్నేళ్ళూ ఎవరు చూసినట్టు?" అంది, పాత బొమ్మలో ఎడమవైపు పాపను చూపించి.

"నేను" అన్నాను.

ఆ మాట ఆలోచించి అన్నది కాదురా, కానీ నిజం. అమ్మ కుడివైపు వేలు పెట్టి వెళ్ళిపోయాక, చిన్నప్పుడు నేను వెళ్ళి ఎడమవైపు దాన్ని చూసేదాన్ని. నేనే అనుకుని. నిన్నెవరూ పట్టించుకోకపోతే ఏం, నేను లేనా అనేదాన్ని. పెద్దయ్యాక కూడా మానలేదు. పరీక్షలో తప్పిన రోజున, నాన్న పోయిన రోజున, నువ్వు కుర్చీ ఎత్తిన రోజున. అమ్మకు ఇదంతా చెప్పాను. ఆమె విని, ముక్కు తుడుచుకుని, "అయితే సరే" అంది.

పెద్దాయన్ని ఏమీ అనవద్దని చెప్పమంది. వీలుంటే రమ్మంది, ఆ మూడు ప్రశ్నల్లో మూడోది ఆమెకు నచ్చింది. తన సంగతి ఇప్పుడే చెప్పి పెట్టుకుంటుందట, కోపం వస్తే తను సూదిలో దారం ఎక్కిస్తుందని. కట్టలో నువ్వు రాసిన కరపత్రాన్ని మాత్రం ఆమె కత్తిరించలేదు. దుకాణం తలుపుకు లోపలివైపు అంటించింది.

ఇవాళ పొద్దున గోడమీద రెండు బొమ్మలూ పక్కపక్కన ఉన్నాయి. కొత్తదాంట్లో కుడివైపు పాప మీద అమ్మ బొటనవేలు పెట్టింది. ఎప్పటికంటే ఎక్కువసేపు. చెప్పవలసినవి పేరుకుపోయి ఉంటాయి. తర్వాత గడియ దగ్గరికి వెళ్ళి, తీయకుండా వెనక్కి వచ్చి, అదే వేలు నా బుగ్గ మీద పెట్టింది. కత్తెర పట్టి పట్టి కాయ కాసిన వేలు, గరుక్కాగితంలా ఉంది.

"బడిపంతులు చొక్కా ఇవాళే ఇవ్వాలి. కాజాలు నువ్వే కుట్టు, నాకంటే నువ్వే బాగా కుడతావు" అంది. అని గడియ తీసింది.

అక్క